ఉత్తరం రాశాం కదా!

ఎక్కడ ఏ బ్యాంకు మునిగినా జనం అడిగేది ఒకటే: పైన కూర్చున్న పర్యవేక్షకులు ఏం చేస్తున్నారు, గుడ్డిగుర్రాలకు పళ్లు తోముతున్నారా? చాలా అన్యాయమైన ప్రశ్న ఇది. వాళ్లు చూస్తూనే ఉంటారు. చూసినదాన్ని మర్యాదగా కాగితం మీద పెట్టి బ్యాంకుకు పంపుతూనే ఉంటారు. అంతకంటే ఏం చేయమంటారు?

అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు సంగతే తీసుకోండి. 2023 మార్చి 9న ఒక్కరోజులో డిపాజిటర్లు అందులోంచి 4,200 కోట్ల డాలర్లు లాగేశారు. మర్నాడు ఇంకో 10,000 కోట్లు పోయేలా ఉందని తేలాక అధికారులు దాన్ని మూసేశారు. అప్పటికి ఆ బ్యాంకు మీద తేలకుండా ఉన్న పర్యవేక్షణ అభ్యంతరాలు 31. సాటి బ్యాంకులతో పోలిస్తే సుమారు మూడు రెట్లు. ఇంత శ్రద్ధగా గమనించినవాళ్లనా మీరు గుడ్డివాళ్లంటున్నది?

బ్యాంకు కూడా ఊరికే కూర్చోలేదు. వడ్డీ రేట్లు పెరిగితే దెబ్బ గట్టిగా తగులుతుందని, రిస్కును లెక్కగట్టే దాని సొంత మోడలే హెచ్చరించింది. బ్యాంకు వెంటనే కదిలి, రిస్కును వదిలేసి మోడల్లోని అంచనాలను సవరించింది. ప్రమాదం లెక్కల్లో చిన్నదైపోయింది. ఈ పత్రవ్యవహారమంతా గోప్యం, అది చట్టం. డిపాజిటర్లకు తెలిస్తే అనవసరంగా టెన్షన్ పడతారు కదా.

పర్యవేక్షకుడి బాధ కూడా అర్థం చేసుకోవాలి. బాగా లాభాలు చూపిస్తున్న బ్యాంకును ముందే పట్టి ఆపాడనుకోండి, ఆ బ్యాంకు మునగదు. మునగని బ్యాంకును చూపించి ‘నేనే కాపాడాను’ అంటే నమ్మేదెవరు? వ్యాపారానికి అడ్డుపడ్డాడని బ్యాంకు తిడుతుంది, వాటాదారులు తిడతారు, ఎన్నికైన నాయకులు ఫోన్లు చేస్తారు. ఉత్తరం రాసి ఫైల్లో పెట్టుకుంటే ఈ గొడవలేవీ ఉండవు. రేపు విచారణ కమిటీ అడిగితే తేదీతో సహా చూపించవచ్చు.

ఫీజు సంగతి కూడా మరిచిపోకూడదు. పొదుపు బ్యాంకులను చూసుకోవడానికి అమెరికాలో ఆఫీస్ ఆఫ్ థ్రిఫ్ట్ సూపర్‌విజన్ అనే సంస్థ ఉండేది. తాను తనిఖీ చేసే బ్యాంకులు కట్టే ఫీజులతోనే అది నడిచేది. బ్యాంకు లైసెన్సు మార్చుకుంటే పర్యవేక్షకుడూ మారిపోతాడు, ఫీజూ వెళ్లిపోతుంది. 2003లో ఆ సంస్థ అధిపతి నిబంధనల కాగితాల కట్ట ముందు మోటారు రంపం పట్టుకుని ఫొటోకు నిలబడ్డారు. ఆ ఆహ్వానం వృథా కాలేదు. ఇళ్ల రుణాల్లో పేరుమోసిన కంట్రీవైడ్ 2007లో పాత పర్యవేక్షకుణ్ణి వదిలి ఈ గూటికి చేరింది.

ఇదే సంస్థ కింద ఉన్న ఇండీమ్యాక్ బ్యాంకుకు 2008 మే నెలలో 1.8 కోట్ల డాలర్ల మూలధనం, అంటే నష్టాలు తట్టుకోవడానికి ఉంచుకునే సొంత డబ్బు, వచ్చింది. మార్చి నెలాఖరుకు లెక్క కాస్త తక్కువ పడుతోంది. దానికేం, మార్చి ఖాతాలోనే చూపించుకోమని పర్యవేక్షకులు అనుమతిచ్చారు. బ్యాంకు కాగితం మీద పుష్టిగా కనిపించింది. జూలైలో కూలింది. సెప్టెంబర్‌లో అదే గొడుగు కింది వాషింగ్టన్ మ్యూచువల్ కూలి, అమెరికా చరిత్రలోనే అతిపెద్ద బ్యాంకు పతనంగా నిలిచింది. ఆ తర్వాత మూడేళ్లకు పర్యవేక్షణ సంస్థే మూతపడి ఇంకోదానిలో కలిసిపోయింది.

అంతర్జాతీయ స్థాయిలో మాత్రం ఇలాంటి అలసత్వం ఉండదు, అక్కడ పేజీలు పెంచుతారు. 1974లో జర్మనీలో హెర్‌స్టాట్ బ్యాంకు కూలాక స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో బ్యాంకు పర్యవేక్షకుల కమిటీ ఒకటి పుట్టింది. అది 1988లో ఇచ్చిన మొదటి ఒప్పందం 30 పేజీలు. రిస్కును బట్టి తూకం వేసిన ఆస్తుల (ఎక్కువ రిస్కున్న అప్పుకు ఎక్కువ బరువు) మీద 8 శాతం మూలధనం ఉంచుకోమంది. రెండోది 347 పేజీలు, మూడోది 616. రెండోదాంట్లో ఒక గొప్ప సదుపాయం పెట్టారు: పెద్ద బ్యాంకులు అనుమతి తీసుకుని తమ రిస్కును తమ మోడళ్లతోనే కొలుచుకోవచ్చు. విద్యార్థే పేపరు దిద్దుకుంటే మాస్టారికి ఎంత సమయం కలిసొస్తుందో ఆలోచించండి.

బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకుకు 2007 జూన్ ఆఖరులో ఆ అనుమతి దక్కింది. కావలసిన మూలధనం తగ్గిపోయిందన్న సంతోషంతో జూలైలో మధ్యంతర డివిడెండును 30 శాతం పెంచింది. సెప్టెంబర్‌లో దాని శాఖల ముందు డిపాజిటర్లు బారులు తీరారు.

పర్యవేక్షకులు ఎవరి మీదా కఠిన చర్య తీసుకోరనేవాళ్లు జర్మనీ వైపు చూడాలి. చెల్లింపుల సంస్థ వైర్‌కార్డ్ లెక్కల్లో తేడాలున్నాయని ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక విలేకరులు రాస్తే, అక్కడి పర్యవేక్షణ సంస్థ బాఫిన్ వెంటనే రంగంలోకి దిగింది. 2019 ఫిబ్రవరిలో ఆ కంపెనీ షేర్ల షార్ట్ సెల్లింగ్‌ను, అంటే ధర పడుతుందని పందెం కాసి అరువు షేర్లు అమ్మడాన్ని, రెండు నెలలు నిషేధించింది. ఏప్రిల్‌లో మార్కెట్‌ను తారుమారు చేస్తున్నారన్న అనుమానంతో క్రిమినల్ ఫిర్యాదు చేసింది, ఆ విలేకరుల మీద.

మరి వైర్‌కార్డ్ మీద? అది టెక్నాలజీ కంపెనీ అట. దాని చేతిలోని చిన్న బ్యాంకు వరకే తమ పరిధి అట. 2020 జూన్‌లో 190 కోట్ల యూరోలు కనిపించలేదు. ఫిలిప్పీన్స్‌లోని రెండు బ్యాంకుల్లో భద్రంగా ఉన్నాయన్నారు. ఆ బ్యాంకులేమో అలాంటి ఖాతాలే తమ దగ్గర లేవన్నాయి. కంపెనీ దివాలా తీసింది. విలేకరుల మీద కేసును ప్రాసిక్యూటర్లు సెప్టెంబర్‌లో మూసేశారు. పెట్టిన ప్రతి కేసూ నెగ్గాలని ఎక్కడుంది?