బీడీల చాట ఏ గదిలో?

షోలాపూర్ అంటే మనవాళ్లకు దుప్పట్లు గుర్తొస్తాయి. వాటిని నేసిన చేతుల్లో చాలా తెలుగు చేతులున్నాయని దుప్పటి మీద రాసి ఉండదు. బతుకుదెరువుకు తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు ఆ ఊరి తూర్పు పేటల్లో తరతరాలుగా ఉంటున్నారు. మగవాళ్లకు మగ్గం, ఆడవాళ్లకు ఒళ్లో చాట, చాటలో తునికాకు. మాన్యుయెల్ కాస్టెల్స్‌ను చదువుతుంటే నాకు పదేపదే ఆ ఇరుకు గదులే గుర్తొచ్చాయి.

ఫ్రాంకో నియంతృత్వం నుంచి తప్పించుకుని పారిస్ చేరిన స్పెయిన్ సామాజికశాస్త్రవేత్త ఆయన. 1972లో ఫ్రెంచిలో వచ్చిన ఆయన పుస్తకం ఒక మాట గట్టిగా చెప్పింది: పనిచేసి అలిసిన మనిషి మర్నాటికి మళ్లీ పనికి లేవాలంటే ఇల్లు, నీళ్లు, బస్సు, బడి, ఆస్పత్రి కావాలి. ఇవన్నీ ఎవరికి వారు కొనుక్కోలేరు, సర్కారు సమకూర్చాలి. అందుకే రాజకీయం మిల్లు గేటు దగ్గరే కాదు, నీళ్ల కుళాయి దగ్గరా పుడుతుంది. 1983 నాటి పుస్తకంలో ఆయన 1915 గ్లాస్గో అద్దె సమ్మెను తరచి చూశాడు. యుద్ధకాలంలో యజమానులు అద్దెలు పెంచితే, ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్లను ఆడవాళ్లే అడ్డుకున్నారు. ఆ ఏడాదే అద్దెలకు కళ్లెం వేస్తూ చట్టం వచ్చింది.

అయితే గ్లాస్గోలో ఓడల కార్ఖానా ఒకచోట, కాపురం మరోచోట. కాస్టెల్స్ లెక్క ఆ ఎడం మీదే నిలబడింది: కూలి కోసం యజమానితో, ఇంటి కోసం సర్కారుతో పోరు. షోలాపూర్ బీడీ కార్మికురాలికి ఆ ఎడమే లేదు. కంపెనీ ఆకు, తంబాకు ఇస్తుంది. ఆకు నానబెట్టే చోటు, దీపం, సాయంపట్టే పిల్లల చేతులు ఆమెవి. షెడ్డు అద్దె కంపెనీకి మిగిలింది, ఆమె ఇంటద్దెలో కలిసింది. అలాంటప్పుడు యూనియన్ ఇల్లు అడగడం కూలి పెంచమని అడగడమే. ఇది బయటివాళ్లకు వింతగా ఉండొచ్చుగానీ, ఆ పేటల్లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

అడిగింది సీపీఎం అనుబంధ కార్మిక సంఘం సీఐటీయూ, ముందు నిలిచింది ఆ పార్టీ నాయకుడు ఆడం నర్సయ్య. షోలాపూర్ శివారు కుంభారిలో బీడీ మహిళలకు సుమారు 10,000 ఇళ్లు కట్టారు. వార్లీ ఆదివాసీల పోరాటం నడిపిన గోదావరి పరుళేకర్ పేరు పెట్టిన ఆ కాలనీని 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ అప్పగించారు. తర్వాతిది 30,000 ఇళ్ల రే నగర్. అందులో 15,000 ఇళ్లు 2024 జనవరి 19న ప్రధాని మోదీ అప్పగించారు. చిన్నప్పుడు ఇలాంటి ఇంట్లో ఉండే భాగ్యం తనకూ దక్కి ఉంటే అంటూ ఆయన గొంతు పూడుకుపోయింది. ఎర్రజెండా సాధించిన ఇళ్లకు ఒకసారి కాంగ్రెస్ ప్రధాని, ఒకసారి బీజేపీ ప్రధాని. పెళ్లి ఒకరిది, ఫొటోలో ముందు నిలబడేది ఇంకొకరు.

మరి ఓట్లు? నర్సయ్య 1978లో, 1995లో, 2004లో శాసనసభకు గెలిచారు. తాళాలు చేతికొచ్చాక, 2009 నుంచి ఓటమే. జనానికి కృతజ్ఞత లేదని కొందరంటారు. నేను ఒప్పుకోను. లాటిన్ అమెరికా మురికివాడల్లో కాస్టెల్స్ చూసింది దీనికి తిరగబడ్డ బొమ్మ: స్థలం ఇప్పించిన నాయకుడికి జనం కట్టుబడి ఉండిపోవడం. షోలాపూర్ ఆడవాళ్లు పోరాడి తెచ్చుకున్నారు కాబట్టే ఎవరికీ బాకీ పడలేదనుకుంటాను. పార్టీకి నష్టమే, వాళ్లకు కాదు.

నన్ను తొలిచేది వేరే. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద కట్టే ఇలాంటి ఇంటికి కేంద్రం 1.5 లక్షలు, రాష్ట్రం లక్ష ఇస్తాయి, మిగతాది కార్మికులది. పథకం లెక్కల్లో అది నివాసం. అదే గదిలో రేపు పొద్దున మళ్లీ ఆకు నానుతుంది, తంబాకు ఘాటులో పిల్లలు పడుకుంటారు. బీడీ కంపెనీకి షెడ్డు మళ్లీ ఉచితంగానే దొరికింది, ఈసారి సర్కారు సాయంతో. 30 చదరపు మీటర్ల ఆ ఇంట్లో చాట పెట్టుకునే చోటుకు కంపెనీ ఎంత కట్టాలన్నది ఇంకా ఎవరి బేరంలోనూ లేదు.