"ఉండాల్సిన చోటే ఉన్నాడు" అంటే సరిపోతుందా?

చైనా లాయర్ గావ్ జిషెంగ్ గురించి ఒక పోస్టు తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇంతే: ఆయన మాయమవ్వలేదు, చట్టప్రకారమే లోపల ఉన్నాడు, పైగా వెస్ట్ ఏజెంటు, భార్య అమెరికాలో కూర్చుని చేసే గోల వల్ల ఆయనకే నష్టం.

చట్టప్రకారమా? సరే, కాగితమేది మరి? పాతకేసు జైలు నుంచి 2014లో వచ్చాక షాన్షీ రాష్ట్రంలో సొంతూళ్ళో కాపలా మధ్య ఉన్న మనిషి 2017 ఆగస్టు 13న కనబడకుండా పోయాడు. తప్పించుకున్నాడు, కొన్ని వారాలకే మళ్ళీ దొరికాడు అన్నారు, బీజింగ్‌లో ఉన్నాడని ఇంట్లోవాళ్ళకి నోటిమాటగా చెప్పారంట, అంతే. తర్వాత కేసు నంబర్ లేదు, కోర్టు లేదు, జైలు పేరు లేదు. బయటికి చెప్పకుండా వేరేచోట పెట్టి విచారించడానికి అక్కడి చట్టమే ఇచ్చే గడువు ఆరు నెలలు. ఏళ్ళకేళ్ళు కాదు.

ఏజెంటు ముచ్చట ఇంకా విడ్డూరం. కూరగాయలు అమ్ముకుంటూ సొంతంగా లా చదువుకున్న ఈయన్ని 2001లో దేశంలో పదిమంది మేటి లాయర్లలో ఒకడిగా ఎంచింది చైనా న్యాయశాఖే. చైనా నిషేధించిన ఫాలున్ గాంగ్ అనే ఆధ్యాత్మిక బృందం వాళ్ళ తరఫున నిలబడి, వాళ్ళని చిత్రహింసలు పెడుతున్నారని పైవాళ్ళకి బహిరంగ లేఖలు రాశాకే చెడ్డోడయ్యాడు. అయినా ఏజెంటే అనుకుందాం, ఏజెంటు ఎక్కడున్నాడో పెళ్ళాంపిల్లలకి చెప్పొద్దని ఏ సెక్షన్‌లో ఉంది?

గోల వల్ల నష్టమా? ఇదే నాకు ఎక్కువ చిరాకు. ముందోసారి కూడా, 2009 ఫిబ్రవరిలో, ఆయన్ని ఎత్తుకెళ్ళారు, దాదాపు ఏడాది జవాబు లేదు, విలేకర్లు అడగ్గా అడగ్గా 2010 జనవరిలో విదేశాంగశాఖ ప్రతినిధి "ఉండాల్సిన చోట ఉన్నాడు" అన్నాడు. మార్చిలో మనిషి కనిపించాడు, ఏప్రిల్‌లో మళ్ళీ మాయం. 2011 డిసెంబర్‌కి గానీ మూడేళ్ళు జైలని అధికారిక వార్తాసంస్థ చెప్పలేదు, 2012 మార్చిలో షింజియాంగ్‌లోని షాయా జైల్లో ఇంటివాళ్ళకి చూపించారు. ఇదంతా ప్రచారం వల్లే అని ప్రమాణం చెయ్యలేను గానీ, నోరు మూసుకునుంటే వాళ్ళంతట వాళ్ళే చెప్పేవాళ్ళా? ఆ జైల్లో రోజుకి ఒక బ్రెడ్డు ముక్క, కొంచెం క్యాబేజీ పెట్టేవాళ్ళని భార్య గెంగ్ హె చెప్పింది. 2014లో బయటికొచ్చేసరికి పళ్ళు కదిలిపోయి, మాట కూడా సరిగ్గా రావట్లేదు. లోపల గోల ఎవరూ చెయ్యలేదుగా మరి, ఆ నష్టం ఎవరు చేసినట్టు?

ఒకటి మాత్రం నిజం, అమెరికా నాయకులు కొందరికి చైనాని తిట్టాలనిపించినప్పుడే ఈయన పేరు గుర్తొస్తుంది. ఆ లెక్కలు వాళ్ళతో తేల్చుకోండి, గెంగ్ హె అడుగుతున్నది మాత్రం బతికుంటే చూపించండి అనే.