నీళ్ల మీద సర్కారువారి విశ్వాసం

బాప్తిస్మపు నీళ్లకు మనిషిని మార్చే శక్తి ఉందా, లేక అవి లోపల జరిగిన మార్పుకు గుర్తు మాత్రమేనా అని క్రైస్తవ పండితులు వందల ఏళ్లుగా తర్జనభర్జన పడుతున్నారు. నిలువునా ముంచాలని ఒకరు, నెత్తిన మూడు దోసిళ్లు పోస్తే చాలని మరొకరు వాదించుకునే ఈ తగువు ఒడిశాలోని మా గుణుపురంలో ఇప్పటికీ పెళ్లి విందుల్లో పప్పు వడ్డించేటప్పుడు మొదలై పెరుగన్నం దాకా సాగుతుంది. దీన్ని భారత ప్రభుత్వం 1950 ఆగస్టు 10నే తేల్చేసిందని మా సంఘ పెద్దలు గమనించకపోవడం విచారకరం. ఆనాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవారెవరూ షెడ్యూల్డు కులాలవారు కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు గాని క్రైస్తవులకూ ముస్లిములకూ తెరవలేదు. అంటే, తరతరాలుగా ఊరి చివర ఉంచి, వేరే గ్లాసులో టీ పోసి, బావి గట్టు ఎక్కనివ్వకుండా మనిషి ఒంటికి పట్టించిన కులాన్ని వంశధార నీళ్లు ఒక్క మునకతో కడిగేస్తాయని ఈ దేశంలో రాతపూర్వకంగా ఒప్పుకున్నది ప్రభుత్వం ఒక్కటే. ఇంత గట్టి విశ్వాసం నేను ఏ పాస్టరుగారి దగ్గరా చూడలేదు.

ఆ విశ్వాసాన్ని కళ్లారా చూసే భాగ్యం ఈమధ్యనే కలిగింది. మా వీధిలో పదిహేడేళ్ల కుర్రవాడికి కాలేజీలో చేరడానికి కులం సర్టిఫికెట్టు కావలసి వస్తే, తోడుగా నేనూ ఒక కార్యాలయానికి వెళ్లాను. బల్ల వెనక గుమాస్తాగారు కాగితాలు తిరగేసి, కుర్రవాడి పేరు దగ్గర వేలు ఆపి, కళ్లజోడు పైకి జరుపుకున్నారు.

"గుడికెళ్తారా, చర్చికెళ్తారా?"

"రెండూ మా ఇంటికి దగ్గరేనండి బాబూ" అన్నాడు తండ్రి.

"డిసెంబరులో మీ ఇంటి మీద నక్షత్రం కట్టారట కదా?"

"పిల్లలు సరదా పడ్డారండి."

"కుర్రాణ్ని ముంచారా?"

"లేదండి, ఇంకా ముంచలేదండి."

"పోనీ, చల్లారా?"

"చల్లనూ లేదండి."

ముంచే బాప్టిస్టులూ చల్లే లూథరన్లూ నూరేళ్లు ఒక బల్ల దగ్గర కూర్చున్నా రెండు పద్ధతులనూ ఇంత సమానంగా గౌరవించి ఉండరు. వేదాంత కళాశాలల్లో పాఠం చెప్పవలసిన మనిషి, పాపం, స్టాంపు ప్యాడు పక్కన మగ్గిపోతున్నారు.

అయితే ఈ నీళ్లు అందరి మీదా ఒకేలా పనిచేయవన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మా చర్చిలో దళితుల పక్కనే సవరలూ కూర్చుంటారు. షెడ్యూల్డు తెగలకు మతం షరతు లేదు కనుక సవర యువకుడు ఎన్నిసార్లు మునిగి లేచినా తెగ చెక్కుచెదరదు. అదే ఏరు, అదే పాస్టరుగారు, అదే ఆదివారం. ఒకరు మునిగితే కులం కొట్టుకుపోతుంది, ఇంకొకరు మునిగితే ఒళ్లు తడుస్తుంది, అంతే. ఈ తేడా అన్యాయమని, మతం మారిన గిరిజనులను కూడా జాబితాలోంచి తీసివేయాలని గట్టిగా అడిగేవారు బయలుదేరారు. దళితుడికి లేనిదాన్ని గిరిజనుడికీ లేకుండా చేస్తే సమానత్వం వచ్చేస్తుందన్న ఈ ఆలోచనలో లోపం కనిపెట్టడం నా వల్ల కాలేదు.

ఇంత శక్తిగల పదార్థాన్ని ఎవరుపడితే వారు వాడితే ప్రమాదం కదా. అందుకే ఒడిశా ప్రభుత్వం 1967లో, స్వతంత్ర దేశంలో అందరికంటే ముందు, బలవంతం, మోసం, ప్రలోభాలతో చేసే మతమార్పిడులను నిషేధిస్తూ చట్టం చేసి, దానికి మత స్వాతంత్ర్య చట్టమని పేరు పెట్టింది. పేరు పెట్టినవారి హాస్యప్రియత్వానికి నమస్కరించాలి. 1989 నాటి నిబంధనల ప్రకారం, మారదలచినవాడు ముందుగా మెజిస్ట్రేటు ఎదుట వాంగ్మూలం ఇవ్వాలి. మార్చే గురువు పదిహేను రోజుల ముందే తేదీ, వేళ, స్థలం కలెక్టరుగారికి తెలియజేయాలి. ఎడారి దారిలో నీళ్లు కనబడగానే రథం ఆపించి, నాకు బాప్తిస్మమివ్వడానికి ఆటంకమేమిటని ఫిలిప్పును అడిగిన ఆ ఇథియోపియా అధికారి కథ మనవాళ్లు ఆదివారం బడిలో పిల్లలకు చెబుతుంటారు. ఆయన ఆ రథాన్ని రాయగడ జిల్లాలో ఆపించి ఉంటే ఆటంకమేమిటో ఫిలిప్పు విడమరచి చెప్పేవాడు. యోర్దాను ఒడ్డున జనాన్ని వరసపెట్టి ముంచిన యోహానుగారి తల పోయింది వేరే కారణానికేగాని, ముందస్తు సమాచారం ఇవ్వకపోవడం కూడా చిన్న తప్పేమీ కాదు.

ఇక్కడ లోపలికి రావడానికి మెజిస్ట్రేటు ఉన్నట్టే, జర్మనీలో బయటికి పోవడానికి ఆఫీసు ఉంది. మా కొరాపుట్, జయపురం ప్రాంతాలకు లూథరన్ సువార్త తెచ్చినవారు జర్మనీలోని బ్రెక్లూమ్ అనే చిన్న ఊరు నుంచి 1882లో వచ్చారు. మలేరియాకు భయపడకుండా వాళ్లు ఇక్కడికి వస్తే, ఇప్పుడు వాళ్ల మునిమనవలు రిజిస్ట్రారు ఆఫీసుల్లో, కోర్టుల్లో వరస కడుతున్నారు. ఆ దేశంలో సంఘ సభ్యుడిగా నమోదైనవాడి ఆదాయపు పన్ను మీద ఎనిమిది, తొమ్మిది శాతం చొప్పున సంఘపు పన్ను కూడా ప్రభుత్వమే వసూలు చేస్తుంది. వద్దనుకున్నవాడు స్వయంగా వెళ్లి, నేను ఇక సభ్యుణ్ని కానని సంతకం పెట్టాలి. 2022 ఒక్క ఏడాదిలోనే 5 లక్షల 20 వేల మందికి పైగా కతోలికులు అలా సంతకం పెట్టి వెళ్లిపోయారు. ఆనాడు చల్లిన నీళ్లు జీతం కాగితం మీద కనబడితే ఎవరికైనా చలివేస్తుంది. ఫ్రాన్సులో వ్యవహారం ఇంకా చిక్కు: బాప్తిస్మపు పుస్తకంలోంచి నా పేరు కొట్టేయండని ఒకరు పట్టుబడితే, కొట్టేయనక్కరలేదు, పక్కన ఒక మాట రాసుకుంటే చాలని అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2024లో తీర్పు చెప్పింది. అదే ఫ్రాన్సులో 2025 ఈస్టరుకు పది వేల మందికి పైగా పెద్దవాళ్లు కొత్తగా బాప్తిస్మం తీసుకున్నారు. పది వేల మంది! పదిహేను రోజుల ముందు ఒక్క కలెక్టరుకైనా చెప్పకుండా.

మన న్యాయస్థానాలూ ఈ నీళ్ల గుణాలను లోతుగా పరిశీలించాయి. హిందూ మతంలోకి తిరిగి వచ్చినవాడిని అతని కులస్థులు ఒప్పుకుంటే పాత కులం మళ్లీ వస్తుందని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అంటే తడి ఆరితే మరక తేలుతుందన్నమాట. మా అమ్మ చీరకు పడ్డ పోకచెక్క మరకది కూడా సరిగ్గా ఇదే ధోరణి. 2024 నవంబరులో పుదుచ్చేరి కేసు వచ్చింది. పసితనంలో బాప్తిస్మం పొంది, చర్చికి వెళ్తూనే, ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని అదే కోర్టు తేల్చింది. పుస్తకంలో ఆ పేరు రాసిన గురువు తాను భవిష్యత్తులో ప్రభుత్వం తరఫు సాక్షినవుతానని ఊహించి ఉండడు. ఈ ఉత్తర్వు సంగతి తేల్చడానికి 2007లో ఒక కమిషన్ నివేదిక ఇచ్చింది, 2022లో ఇంకో కమిషన్ వేశారు, దానికి గడువు పొడిగిస్తూ వచ్చారు. ఇంతకుమించి ఆ కథలో చెప్పుకోవలసిందేమీ లేదు.

చెప్పుకోవలసిందల్లా మా సంగతే. సర్కారు ఇంత నమ్ముతుంటే, ఆ నీళ్లు పోసే మేము ఎంత నమ్ముతున్నాం? మా పెళ్లి ప్రకటనలు చూడండి. వధువు రక్షణ పొందినదై, ప్రార్థనాపరురాలై ఉండాలని మొదటి వాక్యంలో రాసినవారే రెండో వాక్యంలో మాల అనో, మాదిగ అనో, రెడ్డి అనో రాస్తారు. కడిగేసిన మరక మీద మళ్లీ పేరు రాసే సిరా మా దగ్గర ఎప్పుడూ ఎండిపోదు. కర్నూలు జిల్లాలో పుట్టి హైదరాబాద్ ఆర్చిబిషప్పు అయిన పూల ఆంథోనీగారు 2022 ఆగస్టులో కతోలిక సంఘంలో పోపు తరవాతి హోదా అయిన కార్డినల్ పదవి అందుకున్నప్పుడు, ప్రపంచ పత్రికలన్నీ తొలి దళిత కార్డినల్ అని రాశాయి. ఉత్తర్వు ప్రకారం దళితుడెవరూ కార్డినల్ కాలేడని, కార్డినల్ అయినవాడు దళితుడు కాడని ఆ విలేకరులకు చెప్పే గుమాస్తా ఒక్కడూ లేకపోయాడు. తొలి దళితుడు ఆ కుర్చీ ఎక్కడానికి 2022 దాకా ఎందుకు పట్టిందని మాత్రం మేము మమ్మల్ని అడుగుకోలేదు. ఎవరైనా అడిగితే, ఆ సమయానికి మా సంఘంలో విదేశాల్లోని హింసితుల కొరకు ఉపవాస ప్రార్థన జరుగుతూ ఉంటుంది.

జయపురం దాటి పడమటికి వెళితే బస్తర్. అక్కడ ఒక పాస్టరుగారు 2025 జనవరిలో చనిపోతే, సొంత ఊరి మట్టిలో పూడ్చనివ్వలేదు. దాదాపు మూడు వారాలు శవాగారంలో ఉంచాక, సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు అభిప్రాయాలు చెప్పి, చివరికి ఇరవై పాతిక కిలోమీటర్ల అవతల క్రైస్తవులకు కేటాయించిన స్థలానికి పంపారు. ఆ వార్త చదివి మా పెద్దలు కన్నీళ్లు పెట్టుకున్నారు. తరవాతి అంశంగా మా సమాధుల తోటలో గోడకు ఆ పక్క ఎవరు, ఈ పక్క ఎవరు అన్న పాత పేచీ చర్చకు రావడంతో కన్నీళ్లు తుడుచుకుని కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

కుర్రవాడి సర్టిఫికెట్టు ఇంకా రాలేదు. వచ్చేదాకా నీళ్ల మాట ఎత్తవద్దని వాళ్లమ్మ పాస్టరుగారిని బతిమాలుకుంది. "అలాగేనమ్మా, ప్రభువు తొందరపడడు" అని ఆయన బాప్తిస్మపు పుస్తకం మూసి బీరువాలో పెట్టారు. మొన్న నెల మొదటి ఆదివారం, బాప్తిస్మం పొందినవారికే అందే ప్రభు భోజనం రోజున, కుర్రవాడు చివరి వరసలో, సవర స్నేహితుడి పక్కన కూర్చున్నాడు. రొట్టె ముక్కల పళ్లెం వరసలో ఒక్కొక్కరి చేతిలోంచి వస్తోంది. స్నేహితుడు ఒక ముక్క తీసుకుని, పళ్లెం ఇటు అందించాడు. కుర్రవాడు దాన్ని రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకుని, లోపలికి చూడకుండా, పక్కనున్న ముసలమ్మకు అందించాడు.