కటింగ్ షాపు బ్లేడు ఏం పాపం చేసింది?

నల్లగొండలో తెలిసిన కుర్రాడొకడు మొన్నామధ్య రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. కటింగ్ షాపులో గడ్డం గీస్తుంటే చిన్న గాటు పడిందట. బ్లేడు కొత్తదే. కాగితం విప్పి, రెండు ముక్కలుగా విరిచి, సగం కత్తికి ఎక్కించడం కళ్లారా చూశాడు. అయినా "అన్నా, ఆ కత్తికి ముందే ఎవరి రక్తమైనా అంటి ఉంటే? హెచ్‌ఐవీ వస్తుందా?" అని టెన్షన్.

హెచ్‌ఐవీ ఒంట్లోంచి బయటపడి ఆరిపోతే ఎక్కువసేపు నిలవదు. బాత్రూమ్ సీటు, ఎంగిలి గ్లాసు, ఈత కొట్టిన బావి, వీటితో రాదు. దోమ మనలోకి వదిలేది దాని లాలాజలమే, అంతకుముందు తాగిన రక్తం కాదు. మలేరియా క్రిమిలా హెచ్‌ఐవీ దోమ ఒంట్లో పెరగదు కూడా. బ్లేడు దగ్గర భయపడితే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బికి భయపడాలి. అది బయట వారం రోజులైనా బతుకుతుంది. దానికి టీకా ఉంది. ఆ టీకా సంగతి మాత్రం నన్ను ఎవరూ అడగరు.

ఇలాంటి భయాలకు నేను నవ్వను. మర్రిగూడ వైపు తాగే నీళ్లే, అందులోని ఫ్లోరైడే ఎముకలు వంచేశాయి. కంటికి కనపడని దాని మీద అనుమానం మా దగ్గర ఊరికే పుట్టలేదు.

అయితే అరగంట మాట్లాడాక అసలు విషయం బయటికొచ్చింది. రెండు నెలల కింద హైదరాబాద్‌లో ఒకరితో గడిపాడు, కండోమ్ లేకుండా. ఆ మాట అడగడానికి నోరు రాక బ్లేడును అడ్డం పెట్టుకున్నాడు. ఈ సిగ్గుకు ఖరీదుంది. అప్పుడే డాక్టరును కలిసి 72 గంటల లోపు మందులు మొదలుపెట్టి, 28 రోజులు వాడితే హెచ్‌ఐవీని చాలావరకు ఆపొచ్చు. ఆ గడువు ఎప్పుడో దాటింది. సిఫిలిస్, గనేరియా లాంటి సుఖవ్యాధులు అతని లెక్కలోనే లేవు. నిజానికి మందులతో నయమయ్యేవి అవే. ఈ సిగ్గు మీదే బస్టాండు గోడల 'గుప్త రోగాల' పోస్టర్ల వ్యాపారం నడుస్తుంది.

సర్కారు పెద్దాసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. రిపోర్టు గుట్టుగా ఉంచాలని 2017 హెచ్‌ఐవీ చట్టమే చెబుతోంది. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయొచ్చు. ఇప్పుడొకసారి, మూడు నెలలు నిండాక ఇంకోసారి చేయించుకో, సిఫిలిస్‌కూ రాయించుకో అన్నాను.

వెళ్లొచ్చాడట. ఏమొచ్చిందో నేను అడగలేదు. గడ్డం మాత్రం ఇప్పటికీ ఇంట్లోనే గీసుకుంటున్నాడు.