రాజు కన్నా రాయబారికే గీతలెక్కువ

చైనా సంప్రదాయ వైద్యంలో ఒక కషాయం ఎలా పనిచేస్తుందో తేల్చాలంటే పూర్వం రోగి, మూలికలు, కుండ వంటి అనవసరపు సరంజామా కావలసి వచ్చేది. 2007లో ఆండ్రూ హాప్కిన్స్ అనే శాస్త్రవేత్త ‘నెట్‌వర్క్ ఫార్మకాలజీ’ అన్న మాటను ముందుకు తెచ్చాక ఆ బెడద తీరింది. మందు ఒక్క ప్రోటీన్‌నే కాక ప్రోటీన్ల అల్లికనంతా కదిలిస్తుందన్న ఆలోచనలో న్యాయముంది. పది మూలికల కషాయానికి అది చక్కగా అతుకుతుంది కూడా. అంత చక్కటి ఆలోచనను పరీక్షకు నిలబెట్టి అవమానించడం మర్యాద కాదని చాలామంది పరిశోధకులు తలచినట్టున్నారు.

పద్ధతి బహు తేలిక. మూలికల పేర్లు టీసీఎంఎస్‌పీ అనే చైనా మూలికల డేటాబేస్‌లో కొట్టి, మింగితే ఒంటబట్టే శాతం 30కి తగ్గిన పదార్థాలను ఏరి పారేయాలి. మిగిలిన ఒక్కో పదార్థం నుంచి, అది తాకుతుందని డేటాబేస్ చెప్పే ప్రోటీన్లకు గీతలు గీస్తే చిత్రపటం సిద్ధం. క్వెర్సెటిన్ అనే మొక్కల పదార్థానికి ఆ డేటాబేస్‌లో 46.43 శాతం అని ఉంటుంది. అది కంప్యూటర్ వేసిన అంచనా. నిజమైన పేగుల్లో క్వెర్సెటిన్ అంతగా ఇంకదు గానీ, దశాంశ బిందువు తర్వాత రెండంకెలున్న సంఖ్యతో వాదించడానికి పేగులకు చదువెక్కడిది? ఉల్లిపాయలోనూ ఉండేది ఆ క్వెర్సెటినే కనుక, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకునేవారంతా తెలియకుండానే ఈ శాస్త్రాన్ని ఆచరిస్తున్నారని మనవి.

కషాయంలో రాజు, మంత్రి, సహాయకుడు, రాయబారి అని మూలికలకు హోదాలుంటాయి. మన కిరాణా కొట్టులో దొరికే అతిమధురం అక్కడ తరచుగా రాయబారి. దాని పదార్థాలను విరివిగా నమోదు చేశారు కనుక చిత్రపటంలో రాజు కన్నా దానికే ఎక్కువ గీతలు పడుతుంటాయి. కుండలో ఎన్ని గ్రాములు వేశారని గీతలు అడగవు.

2008లో చైనా పరిశోధకులు మాత్రం మొరటుగా ప్రవర్తించారు. మణిశిల అనే ఆర్సెనిక్ ఖనిజం, నీలిమందు ఉన్న ఒక మందుల యోగం ఒక రకం రక్త క్యాన్సర్‌పై ఎలా పనిచేస్తుందో చూడటానికి కణాలను పెంచారు, ఎలుకలను మేపారు. ఆర్సెనిక్‌ది రాజు పాత్ర అనీ, మిగిలిన పదార్థాలు దాన్ని కణంలోకి మరింతగా చేరవేస్తున్నాయనీ కొలిచి చూపారు. ఇటువంటి పనికి ఏళ్లు పడుతుంది, పైగా జవాబు ముందుగా తెలియదు. గీతల పద్ధతిలో ఆ ఆందోళన లేదు. మధుమేహమైనా మోకాళ్ల నొప్పయినా, పరిశోధకులు ఎక్కువగా పరిశీలించిన ప్రోటీన్లకే బంధుత్వాలెక్కువ కనుక, రేపటి పటం నడుమ కూడా ఏకేటీ1 అనే ప్రోటీన్, పక్కన టీఎన్‌ఎఫ్ అనే మరో ప్రోటీన్ కొలువుదీరి ఉంటాయి. మూలిక పేరు మాత్రం మార్చుకోవాలి.