సవరణ: తాళం పడ్డ గదిలో సామాన్ల గురించి

హన్మకొండ నయీంనగర్‌లో నా సామాన్లు లోపల ఉండగానే ఓనర్ తాళం వేసిన నా అద్దె గది సంగతి మొన్న రాస్తూ, ‘ఆరు నెలల్లో కేసు వెయ్యకపోతే సామాన్ల మీద ఆశ వదులుకోవాల్సిందే’ అన్నాను. అది తప్పు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్‌లోని ఆరు నెలల గడువు గదిని తిరిగి స్వాధీనం చేసుకునే కేసుకి. సామాన్లకు 7వ సెక్షన్ వేరే ఉంది, ఏ కేసు ఎప్పటిలోగా వెయ్యాలో చెప్పే లిమిటేషన్ చట్టం ప్రకారం దానికి గడువు మూడేళ్లు. రెండూ కలిపేసి కొందరికి టెన్షన్ పెట్టాను, సారీ.

ఇంకోటి. ఓనర్ మొండికేశారని కూడా రాశాను. పాపం, ఆయనకు నేనెవరో తెలియదు. నేను అద్దె డబ్బులు ఇచ్చింది సీనియర్‌కి, అతనేమో వాటిని ఓనర్‌కి కట్టలేదు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు చూపించాక ఆయనే తాళం తీశారు. పదో తరగతి మెమో దొరికింది. రైస్ కుక్కర్‌లో ఆ రోజు వండిన అన్నం అలాగే ఉంది, నల్లగా బూజు పట్టి. పరుపు మాత్రం సీనియర్ దగ్గరే ఉంది, అడుగుతూనే ఉన్నా.