సవరణ: ఫోర్కు ఆయిల్ మట్టం కొలవడంలో నేను రాసిన తప్పు

హీరో ఎక్స్‌పల్స్ 200 బైక్ ముందు స్ప్రింగులు మార్చడం గురించి మొన్న రాస్తూ, కొత్త స్ప్రింగు వేశాక ఫోర్కును (ముందు చక్రానికి అటూ ఇటూ ఉండి కుదుపులను తట్టుకునే గొట్టాన్ని) పూర్తిగా చాచి ఆయిల్ మట్టం కొలవాలన్నాను. అది తప్పు, పొరపాటు నాదే. తయారీదారు సర్వీసు మాన్యువల్ చూశాను, ఫోర్కులు విప్పడంలో అనుభవమున్న మెకానిక్‌నూ అడిగాను. ఇద్దరి మాటా ఒకటే.

స్ప్రింగు బయట ఉండాలి. లోపలి గొట్టాన్ని అడుగుదాకా దించి, ఫోర్కును నిటారుగా నిలపాలి. ముందుగా నెమ్మదిగా కొన్నిసార్లు పైకీ కిందికీ ఆడించి, ఆయిల్‌లో చిక్కుకున్న గాలిని పోనివ్వాలి. ఆ తర్వాత గొట్టం పై అంచు నుంచి ఆయిల్ ఉపరితలం వరకు ఉన్న దూరాన్ని కొలవాలి. మాన్యువల్‌లో ఇచ్చే అంకె ఈ దూరమే.

తేడా చిన్నది కాదు. ఆయిల్ పైన మిగిలే గాలి కూడా స్ప్రింగులాగే పనిచేస్తుంది. నేను చెప్పినట్టు చాచిన ఫోర్కులో అదే అంకెకు నింపితే ఆయిల్ చాలా ఎక్కువవుతుంది, గాలికి చోటుండదు. 190 మిల్లీమీటర్లు కదలాల్సిన ఫోర్కు మధ్యలోనే బిగుసుకుపోతుంది. రాళ్ల దారిలో ఆ దెబ్బ నేరుగా మణికట్టుకు తగులుతుంది, ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు పాడై ఆయిల్ చిమ్మవచ్చు కూడా.

ఇప్పటికే అలా నింపినవారు దయచేసి బండిని బయటికి తీయకండి. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, మూతలు విప్పి, స్ప్రింగులు తీసి, రెండు ఫోర్కుల్లోనూ పైన చెప్పిన పద్ధతిలోనే మళ్లీ కొలవండి. ఎక్కువైన ఆయిల్‌ను సన్న గొట్టం తగిలించిన సిరంజితో లాగేయవచ్చు.